డిసెంబరు 30, జనవరి 30

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. బోర్డులు మారాయి, టికెట్లు మారాయి. ఊళ్లో ఆటో ఎక్కితే మాత్రం డ్రైవరు ఇప్పటికీ అడిగేది ‘అబర్డీన్ బజారా, హాడోనా’ అనే. అబర్డీన్ స్కాట్లండ్‌లో ఒక రేవు పట్టణం. హాడో కూడా ఆ ప్రాంతపు పేరే. శిక్షాఖైదీల కోసం ఈ దీవుల్ని చదును చేయించిన దొరలు తమ ఊళ్ల పేర్లు ఇక్కడ వదిలేసి పోయారు. బజారు మధ్యలో గంటస్తంభం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం కట్టినది. దాని చుట్టూ చీరల దుకాణాలు, మొబైల్ షాపులు, టిఫిన్ సెంటర్లు. రెండో ప్రపంచ యుద్ధం ఈ బజారు మీదుగానే నడిచిపోయింది. దాని గుర్తులు మాత్రం వెతికితే గానీ దొరకవు.

అసలు స్కాట్లండ్‌లో రెండో ప్రపంచ యుద్ధాన్ని వేరే విధంగా తలచుకుంటారు. 1940లో ఫ్రాన్స్ కూలిపోయాక వేలాది మంది పోలండ్ సైనికులు స్కాట్లండ్ చేరారు. తూర్పు తీరానికి కాపలా కాశారు, అక్కడి అమ్మాయిల్ని పెళ్లాడారు, యుద్ధం అయ్యాక చాలామంది అక్కడే ఉండిపోయారు. 1941లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో వారికోసం ఒక వైద్య కళాశాలే నడిచింది. వారి సేనాని జనరల్ స్టానిస్లావ్ మాచెక్‌కు బ్రిటన్ పెన్షన్ ఇవ్వలేదు. నార్మండీలో ట్యాంకుల దళాన్ని నడిపిన మనిషి ఎడిన్‌బరాలోని ఒక హోటల్లో బార్ కౌంటర్ వెనక నిలబడి బతకాల్సి వచ్చింది. 2018లో అదే నగరం ఆయన విగ్రహం పెట్టింది. ఆలస్యమైనా అప్పు తీర్చుకున్నారు. మన దేశంలోనూ అలాంటి కథ ఉంది. జామ్‌నగర్ రాజు దిగ్విజయ్‌సింహ్‌జీ 1942లో బాలాచడిలో వందలాది పోలండ్ పిల్లలకు నీడ ఇచ్చాడు. వార్సాలో ఇవాళ ‘మంచి మహారాజు’ పేరుతో ఒక కూడలి ఉంది.

యుద్ధం కలిపిన చుట్టరికాలకు ఇలా శిలాఫలకాలు వేసుకోవడం తేలికే. ఇచ్చినవాడు మంచివాడు, పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడు. అండమాన్‌లో లెక్క అంత సులువు కాదు. ఇక్కడికీ ఒక మిత్రుడు వచ్చాడు. ఆసియా ఆసియావాళ్లదే అన్నాడు. తెల్లవాణ్ణి తరిమాడు. జనం నమ్మారు కూడా. ఆ నమ్మకం మూడున్నరేళ్లలో ఎక్కడికి చేరిందో తెలియాలంటే రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకోవాలి: 1943 డిసెంబరు 30, 1944 జనవరి 30. మధ్యలో సరిగ్గా ఒక్క నెల.

ముందు మన ఒడ్డు సంగతి. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఇక అండమాన్‌ను నిలబెట్టుకోలేమని బ్రిటిష్‌వాళ్లు సైన్యాన్ని వెనక్కి తీసుకున్నారు. మార్చి 23న జపాన్ దళాలు దిగితే తుపాకీ పేల్చి అడ్డుకున్నవాడు లేడు. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ ఖాళీ అయిపోయింది. పెట్టె, బేడా బండ్లకెత్తుకుని జనం పల్లెలకు పారిపోయారు. ఉత్తరాంధ్రలో తాతల నోట ఆ కథ వినని ఇల్లు తక్కువే. విశాఖకు అది ఒక్క పూట భయం. బంగాళాఖాతానికి ఆ వైపున్న దీవులకు మాత్రం ఆ భయం 1945 అక్టోబరు దాకా తీరలేదు.

మొదటి వారంలోనే సూచనలు కనిపించాయి. అబర్డీన్‌లో జపాన్ సిపాయిలు ఇళ్లలోకి చొరబడుతుంటే జుల్ఫికర్ అలీ అనే కుర్రవాడు ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా అతణ్ణి జనం ముందుకు ఈడ్చుకొచ్చి, చేతులు విరిచి, కాల్చి చంపారు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్‌ను బందీ చేసి సింగపూర్ పంపారు. ఆయన కింద పనిచేసిన మేజర్ బర్డ్ మీద గూఢచారి అన్న ముద్ర వేసి అందరి కళ్లముందే తల నరికారు. పిట్టకథలా చెప్పేసి పోయే సంగతులు కావివి. చూస్తున్నవాళ్లకు కొత్త దొర స్వభావం ఆ వారంలోనే అర్థమైపోయింది.

అయినా ఆశ చావలేదు. చావకపోవడానికి కారణం ఉంది. రాస్ బిహారీ బోస్ నడిపిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు ఇక్కడా శాఖ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు డాక్టర్ దీవాన్ సింగ్. సైన్యంలో వైద్యుడిగా చేరి, 1927లో అండమాన్‌కు బదిలీ అయి వచ్చిన పంజాబీ. కవి కూడా. ‘వగదే పాణీ’ అన్న పంజాబీ కవితా సంపుటి ఆయనదే. పోర్ట్ బ్లెయిర్‌లో గురుద్వారా కట్టించాడు. మతం చూడకుండా ఊరివాళ్లంతా ఆయన దగ్గరికే మందుకు, మాటకు వచ్చేవారు. జపాన్‌వాళ్లతో సర్దుబాటు చేసి జనాన్ని కాపాడాలని తాపత్రయపడ్డ మనిషి. అలాంటి మనిషే వాళ్ల కంటికి మొదటి శత్రువయ్యాడు. సైనికుల విలాసం కోసం తెచ్చిన కొరియా స్త్రీలను ఉంచడానికి గురుద్వారా ఇమ్మంటే ఆయన కాదన్నాడని పంజాబీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1943 అక్టోబరులో పట్టుకెళ్లి సెల్యులర్ జైల్లో పడేశారు.

ఆ అనుమానాల జ్వరానికి ఒక మూలం సముద్రంలో ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకప్పుడు పోలీసు అధికారిగా చేసిన డెనిస్ మెకార్థీ 1943 జనవరిలో ఒక డచ్ జలాంతర్గామిలో రహస్యంగా వచ్చి అండమాన్ అడవిలో దిగాడు. జపాన్ స్థావరాల వివరాలు కూడగట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత కూడా ఇలాంటి బృందాలు వచ్చి పోయాయి. ఓడలు మునుగుతున్నాయి, వార్తలు బయటికి పొక్కుతున్నాయి. దొంగ దొరక్కపోతే ఊరివాళ్లంతా దొంగలే కదా. పోలీసు అధికారి నారాయణరావు మొదలుకొని చాలామందిని గూఢచర్యం పేరిట పట్టుకున్నారు. ఉన్నవీ లేనివీ ఒప్పించేదాకా చిత్రహింసలు పెట్టారు. బ్రిటిష్ గూఢచారులు అడవిలో దిగారు, దేశీయులు జైల్లో చచ్చారు. రెండు సామ్రాజ్యాల ఆట మధ్య నలిగినవాళ్లకు ఏ వైపునా కృతజ్ఞత దక్కలేదు.

సెల్యులర్ జైలు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. సౌండ్ అండ్ లైట్ షో చూసి వచ్చే మనవాళ్లలో చాలామందికి ఆ జైలు అంటే తెల్లవాడు పెట్టిన హింసే గుర్తు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. 1941 భూకంపంలో కొంత పోయింది. జపాన్‌వాళ్లు ఇటుకలు పీక్కుపోయి బంకర్లకు వాడుకున్నారు. మిగిలిన గదుల్లో ఎంతోమంది దేశీయుల్ని కుక్కారు. అంటే అదే గోడ బ్రిటిష్‌వాడి చేతిలోనూ, జపాన్‌వాడి చేతిలోనూ మనవాళ్ల మీదే పనిచేసింది. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయ్ ఆ జైలును జాతీయ స్మారకంగా అంకితం చేశారు. స్మారకంలో మొదటి అధ్యాయానికి ఉన్న వెలుగు రెండో అధ్యాయానికి లేదు.

1943 నవంబరు 6న టోక్యోలో జపాన్ ప్రధాని టోజో ఒక ప్రకటన చేశాడు. అండమాన్ నికోబార్ దీవుల్ని ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామన్నాడు. భారత భూభాగంలో ఒక ముక్క భారతీయుల చేతికి వస్తుందన్న మాట అది. డిసెంబరు 29న నేతాజీ సుభాస్ చంద్ర బోస్ విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరారు. 30న జింఖానా మైదానంలో మువ్వన్నెల జెండా ఎగరేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. మైదానంలో జనం కన్నీళ్లు పెట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కాలాపానీ అన్న పేరు మోసిన నేల మీద మన జెండా ఎగిరిన రోజు అది.

నేతాజీ సెల్యులర్ జైలు చూడటానికి కూడా వెళ్లారు. అదే జైల్లో ఆ సమయానికి దీవాన్ సింగ్ ఉన్నాడు. ఆయనతో పాటు లీగ్ మనుషులు ఎందరో ఉన్నారు. వారున్న వైపుకు జపాన్ అధికారులు నేతాజీని తీసుకుపోలేదు. ఆయన్ను బస చేయించింది ఊళ్లో కాదు, ఎదురుగా సముద్రంలో ఉన్న రాస్ దీవిలో, చీఫ్ కమిషనర్ బంగళాలో. ఎప్పుడూ చుట్టూ జపాన్ అధికారులే. ఊరివాళ్లు ఒక్క మాట చెవిన వేద్దామన్నా దారి లేకపోయింది. నేతాజీకి తెలిసే ఊరుకున్నారా, తెలియకుండా దాచారా అన్న వాదన చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తెగలేదు. దాచారన్న వైపే నా మొగ్గు. అంత పకడ్బందీగా కాపలా పెట్టి తిప్పినవాళ్లు చూపించదలచినవే చూపిస్తారు. ఒకటి మాత్రం ఎవరూ కాదనలేరు: ఆయన 31న వెళ్లిపోయారు, 1944 జనవరి 14న దీవాన్ సింగ్ జైల్లో చనిపోయాడు. ఎనభై రెండు రోజుల హింస తరువాత.

ఆ జనవరి 30న సెల్యులర్ జైలు నుంచి నలభై నాలుగు మందిని లారీల్లో ఎక్కించి హంఫ్రీగంజ్ తీసుకెళ్లారు. దక్షిణ అండమాన్ లోపలి ఊరు అది. అక్కడ ముందే కందకం తవ్వి ఉంది. వారిని అందులోకి దింపి కాల్చి, మట్టి కప్పేశారు. ఆ నలభై నాలుగు మందిలో ఎక్కువమంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌వాళ్లు. జపాన్‌ను మిత్రుడనుకున్న సంస్థ మనుషులు. నెల కిందట జెండా వందనం జరిగిన ఊరి మనుషులు.

‘అప్పగింత’ కూడా ఎంత మాత్రమో ఫిబ్రవరిలో బయటపడింది. ఆజాద్ హింద్ తరఫున గవర్నరుగా లెఫ్టినెంట్ కల్నల్ ఎ.డి.లోగనాథన్ వచ్చారు. ఆయనా డాక్టరే, తమిళుడు. చేతిలో నలుగురు మనుషులు. పోలీసు శాఖ ఇవ్వమంటే జపాన్‌వాళ్లు ఇవ్వలేదు. పోలీసు లేని పాలన నాకెందుకని ఆయన మిగతా శాఖలు తీసుకోలేదు. చివరికి ఆయన చేతికి మిగిలింది విద్యాశాఖ. గూఢచర్యం కేసుల మీద ఆయన ఎన్ని అర్జీలు పెట్టినా వినే చెవి లేదు. ఆరోగ్యం పాడై ఆ ఏడాదిలోనే వెనక్కి వెళ్లిపోయారు. స్వతంత్ర భారత భూభాగానికి గవర్నరుగా వచ్చి బడిపిల్లల హాజరు చూసుకోవలసి వచ్చిన పెద్దమనిషిని తలచుకుంటే నవ్వు రాదు.

ఆ తరువాతి కథ ఆకలి. మిత్రరాజ్యాల దిగ్బంధంతో ఓడలు ఆగిపోయాయి. బియ్యం నిల్వ అయిపోయింది. పశువుల్ని, కోళ్లను సైన్యం తినేసింది. జనాన్ని తోలుకెళ్లి చిలగడదుంపలు, కర్రపెండలం పండించమన్నారు. లంబాలైన్‌లో విమానాశ్రయం కోసం ఊరివాళ్ల చేత వెట్టి చేయించారు. ఇవాళ విశాఖ నుంచో, చెన్నై నుంచో విమానంలో వచ్చే మనం కాలు పెట్టేది అక్కడే. 1945 ఆగస్టు వచ్చేసరికి, జపాన్ లొంగిపోవడానికి ముందు రోజుల్లో, పనికి పనికిరారనుకున్న వందలాది మందిని కొత్త ఊళ్లో భూములిస్తామని నమ్మించి పడవలెక్కించారు. హేవ్‌లాక్ దీవి దగ్గర చీకట్లో సముద్రంలోకి దూకమన్నారు. ఈత వచ్చినవాళ్లు ఒడ్డుకు చేరారు. ఒడ్డున తిండి లేదు. బతికి బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పిలిచే ఆ హేవ్‌లాక్‌లోనే రాధానగర్ బీచ్ ఉంది. కొత్త జంటలు ఫొటోలు దిగే చోటు.

కార్ నికోబార్‌లోనూ ఇదే తంతు. నికోబారీ భాషలో బైబిల్ కొత్త నిబంధనను అనువదించిన జాన్ రిచర్డ్‌సన్ కొడుకును చంపారు. ఆయనకూ మరణశిక్ష రాసిపెట్టారు. యుద్ధం ముగిసి ప్రాణం దక్కింది. తరువాత ఆయన బిషప్ అయ్యారు, ఈ దీవుల నుంచి మొదటి పార్లమెంటు సభ్యుడయ్యారు. కార్ నికోబార్ హత్యల మీద 1946లో సింగపూర్‌లో విచారణ జరిగి జపాన్ మేజర్ జనరల్‌కు మరణశిక్ష పడింది.

1945 అక్టోబరులో జపాన్ వైస్ అడ్మిరల్ హారా బ్రిగేడియర్ సాలమన్స్‌కు లొంగిపోయాడు. ఎక్కడో తెలుసా? అదే జింఖానా మైదానంలో. నేతాజీ జెండా ఎగిరిన నేల మీదే, రెండేళ్లు తిరక్కుండా, జపాన్ కత్తి కింద పెట్టింది.

ఇక ఇవాళ్టి సంగతి. 2018 డిసెంబరు 30న ప్రధాని మోదీ పోర్ట్ బ్లెయిర్‌లో నూట యాభై అడుగుల జెండా ఎగరేశారు. ఆ రోజే రాస్‌కు నేతాజీ పేరు, నీల్‌కు షహీద్ ద్వీప్, హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ పేర్లు వచ్చాయి. 2021లో ‘సంకల్ప్ స్మారక్’ వెలిసింది. 2023 జనవరి 23న ఇరవై ఒక్క దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. మంచిదే. జెండా ఎగిరిన రోజును ఘనంగా చేసుకోవడం ఆ నేలకు న్యాయమే. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో కూడా నివాళి జరుగుతుంది. పాలనాధికారులు, స్థానిక సంఘాలవాళ్లు, ఆ కుటుంబాలవాళ్లు వచ్చి పూలు పెట్టి వెళ్తారు. కానీ ఆ రోజు దేశమంతా గాంధీ వర్ధంతిలో ఉంటుంది. పత్రికల్లో హంఫ్రీగంజ్‌కు దక్కేది ఒక మూల చిన్న వార్త.

ఆ దీవులవాళ్లకు మాత్రం ఈ యుద్ధం రోజువారీ కాగితాల్లోనే ఉంది. అక్కడ ఉద్యోగానికో, సర్టిఫికెట్‌కో వెళ్తే ‘ప్రీ-42’ అన్న మాట వినపడుతుంది. 1942కు ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లన్న మాట. శిక్ష ముగిసి ఇక్కడే స్థిరపడ్డ ఖైదీల సంతానం, కులం మతం చూడకుండా ఒకరినొకరు పెళ్లాడి, హిందుస్తానీ మాట్లాడుతూ పెరిగిన ‘లోకల్ బార్న్’ జనం, మోప్లాలు, భాంతులు, కరెన్‌లు. యుద్ధం ఒక తేదీ గీసి వెళ్లింది, సర్కారు ఆ తేదీనే గీతగా పెట్టుకుంది. కందకంలో ఒకే మట్టి కింద పడుకున్న హిందువులు, ముస్లింలు, సిక్కులు, క్రైస్తవుల పిల్లలు ఈ గీతకు ఒకే వైపున ఉన్నారు. స్కాట్లండ్‌లో పోలండ్‌వాళ్లకు, స్కాట్‌లకు మధ్య యుద్ధం కట్టిన ముడిలాంటిది ఇక్కడ వెతికితే జపాన్‌కూ అండమాన్‌కూ మధ్య దొరకదు. ఈ జనం మధ్యే దొరుకుతుంది. నా దృష్టిలో ఈ దీవుల్లో స్మారకం దక్కాల్సిన యుద్ధకాలపు బంధం అదే.

తెలుగువాళ్లం ఈ గీతకు అవతలి వైపు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో వందకు పదమూడు మంది తెలుగు మాట్లాడేవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎక్కువగా స్వాతంత్ర్యం తరువాత కూలికి, చేపల వేటకు, సర్కారు పనులకు వచ్చినవారు. జంగ్లీఘాట్‌లో చేపల పడవల దగ్గర నిలబడితే ఉత్తరాంధ్ర యాసే వినపడుతుంది. వాళ్ల ఇళ్లలో జపాన్ కథలు లేవు. పోయినవాళ్లు మనవాళ్లు కారు గనుక గుర్తుంచుకునే బాధ్యత మనకు లేదనుకుంటే మాత్రం అన్యాయం. మన పిల్లలు చదివేది, తిరిగేది ఆ నేల మీదే.

జపాన్‌తో కొత్త స్నేహం కూడా వచ్చింది. 2021లో జపాన్ ప్రభుత్వం దక్షిణ అండమాన్ విద్యుత్ సరఫరా మెరుగు చేసేందుకు సుమారు నాలుగు వందల కోట్ల యెన్ల గ్రాంటు ఇచ్చింది. సౌరశక్తిని నిల్వ చేసే బ్యాటరీల కోసం. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. పోలండ్ జనరల్‌కు పెన్షన్ ఎగ్గొట్టిన దేశపు రాజధానుల్లో ఒకటి అతనికి విగ్రహం పెట్టగలిగినప్పుడు, బంకర్లు కట్టిన దేశం బ్యాటరీలు ఇవ్వడం మంచి మార్పే. కానీ స్నేహం ఎంత గట్టిదైనా గతాన్ని కప్పి కట్టాల్సిన పని లేదు. సముద్రపు ఒడ్డున కార్బిన్స్ కోవ్ వెళ్లే దారిలో ఆ బంకర్లు ఇంకా ఉన్నాయి. నడుం వంచితే గానీ లోపలికి వెళ్లలేని సిమెంటు గదులు, సముద్రం వైపు సన్నని పగుల్లాంటి కంతలు. బయట ఐస్‌క్రీం బండి, లోపల చెత్త. గుమ్మం పక్కన ఇది ఎవరు కట్టించారో, ఎవరి చేత కట్టించారో రెండు భాషల్లో నాలుగు వాక్యాలు రాసిపెడితే చాలు. హిందీతో పాటు తెలుగులో కూడా రాస్తే ఇంకా మంచిది. చదివేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

విశాఖ నుంచి ఓడలోనో, విమానంలోనో అండమాన్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఏటా ఎన్నో. ప్యాకేజీలో సెల్యులర్ జైలు, రాస్, రాధానగర్ ఉంటాయి. హంఫ్రీగంజ్ ఉండదు. టూర్ ఏజెంటును అడిగి ఒక పూట దానికి కేటాయించుకోండి. సౌండ్ అండ్ లైట్ షోకు ముందు పిల్లలకు దీవాన్ సింగ్ గురించి నాలుగు మాటలు చెప్పండి. మీరు జనవరి నెలాఖరులో వెళ్తున్నట్టయితే 30న అక్కడే ఉండేలా చూసుకోండి. ఆ రోజు హంఫ్రీగంజ్‌లో నలభై నాలుగు మందికి నివాళి జరుగుతుంది.